గాలిలో ఎవరి వాటా ఎంత?

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఒక జాబితాకు ఆమోదముద్ర వేసింది. ప్రైవేటు ఎఫ్‌ఎం లేని 234 పట్టణాల్లో 730 ఛానళ్లను వేలం వేయాలన్నది నిర్ణయం. ఆంధ్రప్రదేశ్ వాటా 22 పట్టణాలు, 68 ఛానళ్లు. చిత్తూరు, కడప, హిందూపురం, ధర్మవరాల సరసన మదనపల్లె కూడా ఉంది. దాని ఎదురుగా ఉన్న అంకె 3. పుంగనూరు లేదు, కుప్పం లేదు. గుర్రంకొండ లాంటి ఊరు ఆ జాబితాలో ఎటూ ఉండదు.

మదనపల్లె జనానికి వేలం కొత్త కాదు. టమోటా మార్కెట్‌లో రోజూ చూస్తున్నదే. పాట ముగిసిందంటే సరుకు చేతులు మారుతుంది, క్రేట్లు లారీ ఎక్కుతాయి, రైతు ఆ కాయను మళ్లీ కళ్లజూడడు. ఎఫ్‌ఎం వేలంలో పాట గెలిచినవాడి చేతికి మాత్రం ఏదీ రాదు. మాటవరసకు 95 మెగాహెర్ట్జ్ అతనికి దక్కిందనుకుందాం. సెకనుకు తొమ్మిదిన్నర కోట్ల సార్లు ఊగే విద్యుదయస్కాంత తరంగం అది. పాఠ్యపుస్తకాలు పౌనఃపున్యం అనేది ఆ లెక్కనే. దాన్ని గోదాములో పెట్టలేడు, చుట్టూ కంచె వేయలేడు. వాడినకొద్దీ అది అరగదు. వాడకుండా అట్టిపెట్టినా రేపటికి మిగలదు. ఖాళీగా గడిచిన గంట గడిచినట్టే.

మరి అంత డబ్బు కట్టించుకుని ప్రభుత్వం ఇచ్చేదేమిటి? ఒక హామీ. ఫలానా ఊళ్లో, ఫలానా ఎత్తు టవర్ మీంచి, ఫలానా శక్తితో, పదిహేనేళ్లపాటు ఈ లెక్క ప్రకారం నువ్వు తరంగాలు వదలొచ్చు. అదే చోట అదే లెక్కతో ఇంకెవరైనా వదిలితే మేం వచ్చి ఆపిస్తాం అన్న హామీ. స్పెక్ట్రం యాజమాన్యం గురించి ఎన్ని పెద్ద మాటలు చెప్పినా, మూట విప్పి చూస్తే మిగిలేది ఇదే: ఎదుటివాడి నోరు మూయించే హక్కు. ఆ హక్కు ఎంత దూరం చెల్లాలి, ఎవరి చేతిలో ఉండాలి అన్నదే అసలు తగవు.

ముందు దూరం సంగతి. మదనపల్లెకు దగ్గర్లోని హార్స్‌లీ హిల్స్ సముద్రమట్టానికి 1265 మీటర్ల ఎత్తు. మదనపల్లె సుమారు 700 మీటర్ల మీద ఉంది. కొండకొమ్ము ఊరికన్నా 560 మీటర్లు పైన అన్నమాట. ఎఫ్‌ఎం తరంగం చూపు లాగే దాదాపు తిన్నగా పోతుంది. వాతావరణం దాన్ని కాస్త కిందికి వంచుతుంది కాబట్టి కంటిచూపు కన్నా కొంచెం ఎక్కువ దూరం అందుతుంది. ఇంజనీర్లు వాడే లెక్క సులువైనది. టవర్ ఎత్తు మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 4.12తో హెచ్చిస్తే అందే దూరం కిలోమీటర్లలో వస్తుంది. ఆ కొండకొమ్ము మీద టవర్ పెడితే 560 మీటర్లకు 97 కిలోమీటర్ల చిల్లర తేలుతుంది. ఆ కొమ్ము నుంచి గుర్రంకొండ ముప్పై కిలోమీటర్లలోపే. పుంగనూరు నలభైలోపు. కుప్పం నూరు దరిదాపుల్లో, సరిగ్గా అంచు మీద.

ఇది కాగితం లెక్క. నేల మీద గుట్టలు అడ్డం పడతాయి. ఎఫ్‌ఎం తరంగం పొడవు దాదాపు మూడు మీటర్లు. గుర్రంకొండ కోటకొండ లాంటి రాతి దిమ్మె ఎదురైతే అంత చిన్న తరంగానికి అది పెద్ద గోడే. అంచుల దగ్గర కొద్దిగా వంగి అవతలికి జారుతుంది గానీ, కొండ వెనక చాలామటుకు నీడ పడుతుంది. ఒకే ఊళ్లో ఒక వీధిలో పాట గణగణా వినిపించి, రెండు వీధుల అవతల గుర్రుమనేది అందుకే. పాత సెల్‌ఫోన్లలో ఎఫ్‌ఎం వినాలంటే ఇయర్‌ఫోన్ గుచ్చమనేవి, గుర్తుందా? చెవిలో పెట్టుకోవడానికే కాదు, ఆ మీటరు పొడవు తీగే యాంటెన్నా. మూడు మీటర్ల తరంగాన్ని పట్టడానికి ఆ కొలత చక్కగా సరిపోతుంది.

పాత మీడియం వేవ్ తీరు వేరు. 1963లో మొదలైన కడప ఆకాశవాణి 900 కిలోహెర్ట్జ్ మీద వినిపిస్తూ వచ్చింది. ఆ తరంగం పొడవు 333 మీటర్లు. కోటకొండ దానికి పెద్ద అడ్డు కాదు. నేలను పట్టుకుని పాకుతూ, గుట్టలు చుట్టుకుని వచ్చేస్తుంది. పగలంతా ఇలా నేలబారు ప్రయాణమే. పైకి పోయిన తరంగాన్ని అరవై నుంచి తొంభై కిలోమీటర్ల ఎత్తులో ఉండే అయనోవరణపు కింది పొర పీల్చేసుకుంటుంది. పొద్దు గుంకితే ఆ పొర చెదిరిపోతుంది. అప్పుడు తరంగం ఇంకా పైకెళ్లి, పై పొరలకు తగిలి, వందల కిలోమీటర్ల అవతల కిందికి దిగుతుంది. రాత్రి ట్రాన్సిస్టర్ ముల్లు తిప్పుతుంటే ఏ భాషో తెలియని గొంతులు తోసుకొచ్చేవి అందుకే. పగలు ఒక ఊరికి పరిమితమైన తరంగం రాత్రికి మూడు రాష్ట్రాలు దాటేస్తుంటే, దానికి సరిహద్దు రాళ్లు ఎక్కడ పాతుతారు?

అందుకని దేశాలన్నీ కూర్చుని వంతులు వేసుకున్నాయి. 1975 జెనీవా ఒప్పందం ప్రకారం ఆసియా, యూరప్, ఆఫ్రికాల్లో మీడియం వేవ్ కేంద్రాలు 9 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉండాలి. 531 నుంచి 1602 వరకు లెక్కేస్తే 120 మెట్లు వస్తాయి. కడప 900, హైదరాబాద్ 738, విజయవాడ 837 - ఏ అంకెనైనా తొమ్మిదితో భాగించి చూడండి, శేషం ఉండదు. రేడియో ముల్లు మీద మనం చూసిన ఆ అంకెల వెనక ఇంత రాయబారం ఉంది. ఇక్కడ ఎవరూ యజమాని కాదు. నా రాత్రి ప్రసారం నీ నిద్ర చెడగొట్టకుండా ఇద్దరం చేసుకున్న ఒడంబడిక, అంతే.

ఒడంబడికలున్నా తరంగం చేసే అల్లరి ఎలా ఉంటుందో 1950ల్లో ఢిల్లీకి బాగా తెలిసొచ్చింది. 1952లో సమాచార ప్రసార మంత్రి బి.వి.కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు దాదాపు చోటులేకుండా చేశారు. శాస్త్రీయ సంగీతం వినండి అన్నారు. దేశంలోని ట్రాన్స్‌మిటర్లన్నీ ప్రభుత్వానివే, పోటీ కేంద్రం ఒక్కటీ లేదు. అయినా జనం రేడియో సిలోన్‌కు మళ్లారు. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రసేనల కోసం కొలంబోలో పెట్టిన షార్ట్‌వేవ్ యంత్రాలు యుద్ధం అయ్యాక పాటలు పాడుతున్నాయి. హిందీతోపాటు తెలుగు పాటలూ వచ్చేవి. చట్టం ఢిల్లీది, చెవులు కొలంబోవి. చివరికి 1957 అక్టోబరు 3న వివిధభారతి పెట్టి ప్రభుత్వమే సినిమా పాటల దారికి వచ్చింది. దేశంలో ట్రాన్స్‌మిటర్లన్నీ గుప్పిట్లో ఉన్నంత మాత్రాన గాలి గుప్పిట్లో ఉన్నట్టు కాదు.

ఢిల్లీకి ఈ పెత్తనం ఎక్కణ్నుంచి వచ్చింది? 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం నాలుగో సెక్షన్ నుంచి. టెలిగ్రాఫ్‌లు పెట్టి నడిపే ప్రత్యేక హక్కు సర్కారుదే అని అందులో రాశారు. తమాషా ఏమిటంటే, అప్పటికి రేడియో తరంగాన్ని ఎవరూ పుట్టించి చూపలేదు. హైన్‌రిచ్ హెర్ట్జ్ ప్రయోగాలు ఆ తర్వాత రెండు మూడేళ్లకు జరిగాయి. జగదీశ్ చంద్రబోస్ కలకత్తాలో తీగలేకుండా గంట మోగించింది 1895 ప్రాంతంలో. తీగల కోసం రాసిన హక్కును తరవాత గాలికి కూడా చాపారు. 1933లో వైర్‌లెస్ చట్టం వచ్చి, రేడియో పెట్టె ఇంట్లో ఉంచుకోవడానికే లైసెన్స్ కావాలంది. పోస్టాఫీసులో ఏటా 15 రూపాయలు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకున్న తరం ఇంకా మన ఇళ్లల్లో ఉంది. 1980ల్లో గానీ అది పోలేదు. పంపడానికే కాదు, వినడానికీ అనుమతే! యాజమాన్యం ఎక్కడిదాకా పోగలదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఈ పునాదిని కదిపింది ఒక క్రికెట్ పోటీ. 1993 నవంబరులో జరిగిన హీరో కప్ ప్రసార హక్కులను బెంగాల్ క్రికెట్ సంఘం ఒక విదేశీ సంస్థకు అమ్మింది. దూరదర్శన్ అడ్డుపడింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరి, 1995 ఫిబ్రవరి 9న తీర్పొచ్చింది. గాలితరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం చెల్లదు, ప్రజల మేలు కోసం స్వతంత్ర సంస్థ ఒకటి వాటిని నియంత్రించాలి అన్నది సారాంశం. ధర్మాసనంలోని ముగ్గురిలో ఒకరు అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి. ఆయన విడిగా రాసిన తీర్పులో ఇంకో సంగతి కూడా ఉంది: ప్రభుత్వ గుత్త ఎంత ప్రమాదమో, దాని స్థానంలో డబ్బున్న నలుగురి గుత్త రావడమూ అంతే ప్రమాదం. నా మటుకు నాకు ఈ రెండో సగమే ఎక్కువ ముఖ్యం. మొదటి సగాన్ని అందరూ ఉదహరిస్తారు, రెండోదాన్ని సౌకర్యంగా మరిచిపోతారు. ఆ తీర్పు కోరిన స్వతంత్ర సంస్థ మాత్రం ఇప్పటికీ రాలేదు; ప్రసార అనుమతులు మంత్రిత్వ శాఖే ఇస్తోంది.

ప్రజల ఆస్తి అన్నాక ప్రజలు వాడుకోబోతే ఏమైందో కూడా చూద్దాం. దానికి కుప్పం నుంచి సరిహద్దు దాటి ముప్పై కిలోమీటర్లు పోతే చాలు. కోలారు జిల్లా బూదికోట వస్తుంది. హైదర్ అలీ పుట్టిన ఊరు. ఇక్కడ 2000ల తొలినాళ్లలో మైరాడా, వాయిసెస్ అనే సంస్థలు యునెస్కో సాయంతో ఒక స్టూడియో పెట్టాయి. పేరు నమ్మధ్వని. ఊళ్లో ఆడవాళ్లే కార్యక్రమాలు తయారుచేశారు. గాల్లోకి వదిలితే నేరం కాబట్టి, మొదట లౌడ్‌స్పీకర్లలో వినిపించారు, తరవాత కేబుల్ టీవీ తీగల్లోంచి ఇళ్లకు పంపారు. అదే గొంతు, అవే కబుర్లు, అదే ఊరు. రాగితీగలో పోతే తప్పులేదు, తీగ పక్కనున్న గాల్లో పోతే మాత్రం కేసు.

కర్నూలు జిల్లా ఓర్వకల్లులో ఇంకో అడుగు ముందుకేశారు. 2002 అక్టోబరులో పొదుపు సంఘాల మహిళలు చిన్న ట్రాన్స్‌మిటర్‌తో 'మన రేడియో' మొదలుపెట్టారు. రాష్ట్ర ప్రభుత్వ పథకమే దన్ను. ప్రసారం ఊరు దాటి పోయేది కాదు. 2003 ఫిబ్రవరిలో కేంద్ర అధికారులు వచ్చి పరికరాలు తీసుకుపోయారు. వాళ్ల వల్ల ఏ విమానం దారి తప్పింది? ఏ ఆకాశవాణి కేంద్రం మూగబోయింది? ఎవరికీ అడ్డురాని తరంగాన్ని ఆపినప్పుడు, ఆపింది అడ్డును కాదు, గొంతును. తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పి అప్పటికి ఎనిమిదేళ్లు.

జహీరాబాద్ దగ్గర మాచనూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలది మరీ ఓపిక. 1998లోనే స్టూడియో కట్టుకుని, పదేళ్లపాటు క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. 2006 చివర్లో కేంద్రం విధానం మార్చి, కమ్యూనిటీ రేడియోను స్వచ్ఛంద సంస్థలకూ తెరిచింది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద గాల్లోకి వచ్చింది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ దాన్ని నడిపిన పేర్లు. చిరుధాన్యాలు, విత్తనాలు, పండగ పాటలు, ఊరి వైద్యం. తెలంగాణ పల్లె యాసలోనే.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. ఒకరి నోరు మూయిస్తే తప్ప ఇంకొకరు వినపడరన్న వాదన ఎంతవరకు నిజం? భౌతికశాస్త్రం ఇక్కడ కొంచెం ఆశ్చర్యపరుస్తుంది. రెండు రేడియో తరంగాలు గాల్లో ఎదురైతే ఒకదానికొకటి దెబ్బ తగలదు. ఒకదాంట్లోంచి ఒకటి దూరి, ఏమీ జరగనట్టు ఎవరి దారిన అవి పోతాయి. గందరగోళం పుట్టేది రేడియో పెట్టెలో. రెండింటినీ విడదీయలేని చేతకానితనం దానిది. మన దేశంలో ఒకే నగరంలో ప్రైవేటు ఎఫ్‌ఎం కేంద్రాల మధ్య 800 కిలోహెర్ట్జ్ ఎడం ఉంచారు. 88 నుంచి 108 దాకా ఉన్న 20 మెగాహెర్ట్జ్ పట్టీలో ఈ లెక్కన పాతిక కేంద్రాలకు మించి పట్టవు. ఆ ఎడాన్ని సగానికి తగ్గించవచ్చని 2012లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసింది. ప్రకృతి అదే, పట్టీ అదే. వినే యంత్రం మెరుగైతే జాగా రెట్టింపవుతుంది. కొరతలో కొంత భాగం దేవుడిచ్చింది కాదు, మనం చేసుకున్నదే.

యజమాని లేకుండా నడిచే పట్టీలు కూడా ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరి వైఫై పట్టీకి మన దేశంలో 2005లో లైసెన్స్ అక్కర్లేకుండా చేశారు. పుంగనూరు బస్టాండ్ ఎదుట సెల్ షాపులో రౌటర్, పక్క హోటల్లో బ్లూటూత్ స్పీకర్, మేడ మీద ఇంకో రౌటర్ - అన్నీ ఆ ఒక్క పట్టీలోనే. బ్లూటూత్ 79 ఛానళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ ఖాళీ దొరికినచోట మాట అందిస్తుంది. ఈ గెంతుడు ఆలోచనకు 1942లోనే పేటెంట్ తీసుకున్నవారిలో ఒకరు హాలీవుడ్ తార హెడీ లమార్. టార్పెడోను దారి మళ్లించే శత్రువును ఏమార్చడానికి, పియానో మెట్లు 88 ఉన్నట్టే 88 పౌనఃపున్యాల మధ్య గెంతించాలన్నది ఆమె, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ వేసిన ఎత్తు.

అలాగని కంచెలన్నీ పీకేయమనడం కూడా తెలివితక్కువే. వైఫై చెల్లుతున్నది దాని శక్తి తక్కువ కాబట్టి. నాలుగు గోడలు దాటితే నీరసిస్తుంది. నూరు కిలోవాట్ల కేంద్రాలు రెండు ఒకే మెట్టు మీద కూర్చుంటే ఎంత మంచి రేడియో అయినా చేతులెత్తేస్తుంది. పైగా ఎఫ్‌ఎం పట్టీ ముగిసే 108 మెగాహెర్ట్జ్ దగ్గరే విమానాలకు రన్‌వే చూపించే సంకేతాల పట్టీ మొదలవుతుంది. నాసిరకం ట్రాన్స్‌మిటర్ పక్క పట్టీలోకి చెత్త చిమ్మిందంటే అక్కడ ప్రాణాలతో చెలగాటం. కాపలా అవసరమే. కాపలాదారుకు పొలం రాసిచ్చామా అన్నదే ప్రశ్న.

కుప్పంలో ఈ ప్రశ్న సెల్‌ఫోన్ తెర మీద కనపడుతుంది. టెలికాం లైసెన్సులను సర్కిళ్లుగా విడగొట్టారు. తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ ఒక సర్కిల్. కుప్పానికి ఒకవైపు కర్ణాటక సర్కిల్, ఇంకోవైపు తమిళనాడు సర్కిల్. కంపెనీ వేలంలో కొన్నది సర్కిల్ గీత లోపలి హక్కు. తరంగానికి ఆ గీత కనపడదు. యాంటెన్నాలను కిందికి వంచి, శక్తి తగ్గించి ఎంత కట్టడి చేసినా, ఊరి పొలిమేరలో నిలబడ్డ ఫోన్ ఏ టవర్ గట్టిగా పలికితే దాన్నే పట్టుకుంటుంది. రోమింగ్ ఛార్జీలున్న రోజుల్లో మన ఇంటి పెరట్లో నిలబడి పక్క రాష్ట్రం బిల్లు కట్టాల్సి వచ్చేది.

అమెరికాలో రోనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త 1959లోనే, పౌనఃపున్యాలను భూమి లాగే అమ్మి కొననివ్వండి, ప్రభుత్వం పంచడం దేనికన్నాడు. అప్పట్లో నవ్వారు, 1991లో ఆయనకు నోబెల్ వచ్చింది, తరవాత ప్రపంచమంతా వేలంపాట పట్టింది. మన దగ్గర ముందొచ్చినవారికి ముందు అని పంచిన 122 టూజీ లైసెన్సులను సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 2న రద్దు చేశాక వేలమే రాజమార్గమైంది. కానీ వేలంలో కొన్నది ఆస్తేనా అంటే మళ్లీ మొదటికొస్తుంది. 2018లో సెల్‌ఫోన్ కంపెనీ ఎయిర్‌సెల్ దివాలా తీసినప్పుడు, స్పెక్ట్రం కంపెనీ ఆస్తి కాబట్టి మా బాకీకి జమ అని బ్యాంకులు, కాదు మాదని ప్రభుత్వం ట్రిబ్యునళ్లు ఎక్కాయి. 2023 టెలికాం చట్టం దీన్ని నాలుగో సెక్షన్‌లో తేల్చిచెప్పింది: ప్రజల తరఫున స్పెక్ట్రానికి యజమాని కేంద్ర ప్రభుత్వం. 1995 తీర్పులో ప్రజలదైన ఆస్తికి, 2023 చట్టంలో ప్రజల తరఫున ఒక యజమాని వచ్చి కూర్చున్నాడు.

ఆ తరఫుదారు లెక్క ప్రకారం గుర్రంకొండకు మిగిలిన దారి కమ్యూనిటీ రేడియో. దీనికి వేలం లేదు. మూడేళ్లుగా నడుస్తున్న రిజిస్టర్డ్ సంఘమో, కాలేజీయో, కృషి విజ్ఞాన కేంద్రమో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ట్రాన్స్‌మిటర్ 50 వాట్లు, అంటే పాత గుండు బల్బు పాటి శక్తి. టవర్ 30 మీటర్లు. పది పదిహేను కిలోమీటర్లు వినపడుతుంది. కోటకొండ నీడ పడేచోట అదీ ఉండదు, టవర్ ఎక్కడ పాతాలో చూసుకుని పాతాలి. 2024 నిబంధనల ప్రకారం అనుమతి పదేళ్లకు, గంటకు 12 నిమిషాలు ప్రకటనలు. కాగితాలు ఢిల్లీలో రక్షణ, హోం శాఖల బల్లలు దాటి రావాలి. ఏ మెగాహెర్ట్జ్ ఇవ్వాలో కూడా అక్కడివాళ్లే తేలుస్తారు.

అన్నీ దాటి గాల్లోకి వచ్చాక ఒక్క షరతు ఉంటుంది. అది ఈ 50 వాట్ల సంఘానికే కాదు, రేపు మదనపల్లెలో కోట్లు పోసి ఛానల్ పాడుకునే కంపెనీకీ వర్తిస్తుంది. వాన సూచన చెప్పొచ్చు, కరెంటు కోత వేళలు చెప్పొచ్చు, పరీక్ష ఫలితాలు చదవొచ్చు. ఆకాశవాణి వార్తలను ఉన్నదున్నట్టు తిరిగి వినిపించొచ్చు. నిన్న మండలాఫీసు ముందు జరిగిన ధర్నా గురించి మాత్రం సొంతంగా వార్త చదవకూడదు.